ఏడాది లీగా, మూడేళ్ల డిగ్రీయా

నేను బాస్కెట్‌బాల్ ఎన్నడూ ఆడలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. బొగ్గు కంపెనీ ఆటస్థలంలో కూలీగా చేరి అక్కడే ముసలివాణ్ణయ్యాను. గడ్డి పీకడం, సున్నంతో గీతలు వేయడం, తెగిన వలలు ముడేయడం, పొద్దుగూకితే బంతులన్నీ గదిలో పెట్టి తాళం వేయడం, ఇదీ నా ఉద్యోగం. చదువు లేదు. నలభై దాటాక కాలనీలో పెద్దవాళ్ల కోసం పెట్టిన బడికి పోయి అక్షరాలు దిద్దాను. అంకెలు అంతకు ముందే వచ్చు. స్కోరుబోర్డు మీద పలకలు మార్చేవాడికి అంకెలు రాకపోతే రెండు జట్లూ కలిసి తంతాయి.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేశాయి. అప్పుడు ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీ పీడీ సారు, అంటే ఆటలు నేర్పే సారు, నన్ను పిలిపించాడు. యూనివర్సిటీ పోటీల్లో గెలిస్తే కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టొచ్చు. ఫ్లెక్సీ చూసి అడ్మిషన్లు వస్తాయి. గెలవాలంటే పొడుగు పిల్లలు కావాలి.

"పెద్దాయనా, ఇల్లందు నుంచి భద్రాచలం దాకా నీకు తెలియని ఊరు లేదు. ఎక్కడ పొడుగు పిల్లాడు కనబడినా నాకో మాట చెప్పు చాలు," అన్నాడు. సారుది మధిర వైపు. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుం పట్టు.

అట్లా ఆటగాళ్లను వెతికే పని నాకు ముసలితనంలో దొరికింది. ఇప్పుడు ఆ పని చేస్తున్న మీరంతా ఫోన్లో వీడియోలు చూసి పిల్లలను ఎంచుతున్నారట. నేను బస్సెక్కి పోయేవాణ్ణి. ఇంటి ముందు విడిచిన చెప్పులు చూసేవాణ్ణి. తర్వాత తల్లిని చూసేవాణ్ణి. తండ్రి పొట్టి అయినా ఫరవాలేదు, తల్లి పొడుగైతే పిల్లాడు ఇంకా ఎదుగుతాడని నా నమ్మకం. నమ్మకాలు అన్నిసార్లూ నిలబడవు. వైరా నుంచి ఒకణ్ణి ఎంతో గొప్పగా తీసుకొచ్చాను. తలుపులోంచి వంగి రావలసినంత పొడుగు. తీరా చూస్తే బంతి తన వైపు వస్తే కళ్లు మూసుకునేవాడు. పీడీ సారు ఆ ఏడంతా నన్ను ఆడిపోసుకున్నాడు.

ఇంకో సంగతి. నాకు మాట దాచుకోవడం రాదు. పిల్లాడు పనికిరాడనిపిస్తే తల్లిదండ్రుల ముఖం మీదే చెప్పేవాణ్ణి. "వీనికి ఆట రాదు. ఐటీఐల చేర్పియ్యి." ముదిగొండలో ఒక రైతు ఆ మాటకు నా మీదికి చెంబు విసిరాడు. చెంబు తగల్లేదు, నీళ్లు తగిలాయి. చూసినవాళ్లలో ఎక్కువమందికి కాదనే చెప్పాను కాబట్టి, పోను పోను నన్ను చూడగానే పిల్లలు "కాదు తాత వచ్చిండు" అని గుసగుసలాడుకునేవాళ్లు.

నేను చెప్పబోయే పిల్లాడిది టేకులపల్లి దగ్గర ఒక తండా. మొదటిసారి ఇల్లందు బాస్కెట్‌బాల్ కోర్టులో కనిపించాడు. ఆడటానికి రాలేదు. చిన్నపిల్లలు ఆడుకుంటున్న షటిల్ కాక్ పోయి రింగుకూ బోర్డుకూ మధ్య ఇరుక్కుంటే, తీసివ్వడానికి ఎగిరాడు. చెప్పుల కాళ్లతోనే. ఎగిరి, తీసి, ఓ చిన్నపిల్ల చేతిలో పెట్టి తన దారిన తాను పోతున్నాడు. నేను లేచి కేకేశాను.

"ఓ పిలగా! ఎవల కొడుకువు?"

"ఏమైంది తాతా? నేనేం ఇరగ్గొట్టలే."

"ఇరగ్గొట్టలేదని నాకూ కనబడ్డది. మల్లొకపాలి ఎగురు."

"ఊకెనే ఎగురుమంటే ఎగురుతరా ఎవలన్న? కాక్ లేదు గద పైన," అని నవ్వాడు. కానీ ఎగిరాడు.

అప్పుడు వాడు ఇంటర్ మొదటి ఏడు. ఆ రోజు నుంచి సెలవు దొరికినప్పుడల్లా ఇల్లందు కోర్టుకు వచ్చేవాడు. ఆదివారాలు ఖమ్మం నుంచి పీడీ సారు వచ్చి నేర్పేవాడు. వల తెగిన రింగు, పెచ్చులూడిన సిమెంటు నేల, ఒకచోట పడితే ఇంకోచోటికి లేచే బంతి. అయినా పిల్లాడు గబగబా పట్టుకున్నాడు. రెండో ఏడాదికి ఆరడుగుల నాలుగంగుళాలు అయ్యాడు. జిల్లా జట్టుకు ఆడాడు, రాష్ట్రం జూనియర్లలో ఆడాడు. వాడి కాళ్లకు సరిపడే బూట్లు ఖమ్మం బజారంతా తిరిగినా దొరకలేదు. ఉన్న బూట్లకే ముందు భాగం కోసి, వేళ్లు బయటపెట్టి ఆడేవాడు.

వాళ్ల నాన్న కొత్తగూడెం వైపు బొగ్గుగనిలో, మా వైపు మాటల్లో బాయిలో, పనిచేసేవాడు. భూమి లోపల పైకప్పు దిగకుండా ఆసరాలు నిలబెట్టే పని. పొట్టి మనిషి, బక్క మనిషి. మాట కన్నా ముందు దగ్గు వచ్చేది. బాయిలో చేరేటప్పుడు వయసు కాగితం లేక, డాక్టరు పళ్లూ మీసమూ చూసి అందాజుగా వయసు రాశాడట. "గా పొద్దు మీసం గొరిగిచ్చుకొని పోతే అయిపోవు అన్నా. ఇంకో ఐదేండ్లు ఎక్కువ సర్వీసుండు నాకు," అని నవ్వేవాడు.

బొగ్గు ఊళ్లలో పుట్టనివాళ్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కార్మికుడు ఆరోగ్యం చెడి పనిచేయలేని స్థితికి వస్తే మెడికల్ బోర్డు ముందుకు పోతాడు. డాక్టర్లు అన్‌ఫిట్ అని తేలిస్తే ఆయన ఇంటికి, ఆయన కొడుకు ఉద్యోగానికి. పర్మినెంటు ఉద్యోగం. అయితే ఒక మెలిక ఉంది. తండ్రికి ఇంకా రెండేళ్ల సర్వీసన్నా మిగిలి ఉండాలి. ఆ గడువు దాటితే ఊపిరితిత్తులు తీసి బల్ల మీద పెట్టినా కొడుక్కు ఏమీ రాదు. అందుకే మా ఇళ్లలో తండ్రి సర్వీసును పొయ్యి మీది పాలగిన్నెను చూసినట్టు చూస్తుంటారు. ముందు దించితే పచ్చిపాలు, వెనక దించితే నేలపాలు.

ఈ తండ్రికి అప్పటికి నాలుగేళ్ల సర్వీసు ఉంది. అంటే బోర్డుకు పోవాలా వద్దా అని ఆలోచించుకోవడానికి చేతిలో ఉన్నది రెండేళ్లు.

పిల్లాడి ఇంటర్ పరీక్షలు కాగానే పీడీ సారూ నేనూ వాళ్లింటికి పోయాం. తల్లి చాయ్ ఇచ్చింది. తండ్రి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. సారు కాలేజీ గురించి చెప్పాడు. హాస్టల్ ఉంది, తిండి ఉంది, ఫీజు మాఫీ, మంచి కోర్టు ఉంది. తండ్రి అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"డిగ్రీ ఎన్నేండ్లు సారూ?"

"మూడేళ్లు."

"రెండేండ్లల్ల కాదా?"

సారు పకపకా నవ్వాడు. "డిగ్రీ ఏమన్నా స్లాబు పనా, ఇద్దరు కూలీలను ఎక్కువ పెట్టి తొందరగా ముగించడానికి?"

తండ్రీ నవ్వాడు. నవ్వు దగ్గయింది. నాకు మాత్రం లెక్క తెలిసిపోయింది. తిరుగు బస్సులో సారుకు విప్పి చెప్పాను. మూడేళ్ల డిగ్రీ మధ్యలో ఉండగానే ఈయన గడువు దాటిపోతుంది. ఆట కుదరక పిల్లాడు డిగ్రీతో బయటికొచ్చే సరికి తండ్రి ఉద్యోగం వాడికి రాదు. సారు కిటికీలోంచి చూస్తూ, "అదేంటి పెద్దాయనా, మనం పిల్లాడి కోసం ఇంకో కాలేజీతో పోటీ అనుకున్నాం గానీ, బొగ్గుతో పోటీ అనుకోలేదే," అన్నాడు.

పోటీ అక్కడితో ఆగలేదు. అదే ఏడు హైదరాబాదులో కొత్తగా ఒక లీగు పెడుతున్నారు. డబ్బున్నవాళ్లు జట్లను కొని, ఆటగాళ్లకు జీతాలిచ్చి, టీవీలో చూపిస్తారట. ఒప్పందం ఏడాదికి. బాగా ఆడితే ఇంకో ఏడాది. అందులో సంతకం పెడితే కాలేజీ జట్టుకు ఆడకూడదు. ఒక జట్టు మేనేజరు మా పిల్లాణ్ణి రాష్ట్రం పోటీల్లో చూశాడు. నల్ల కళ్లజోడు, మెడలో ఈల. కారులో తండాకు వచ్చాడు. వస్తూ వస్తూ పిల్లాడి కాళ్లకు సరిపోయే బూట్ల జత తెచ్చాడు. నేను పోయేసరికి పిల్లాడు ఆ బూట్లు వేసుకుని వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాడు, కొత్త పెళ్లికొడుకులాగా.

"తాతా, మీ కాలేజోళ్లు ఏమిస్తరు? సర్టిఫికెట్. మేం టీవీల చూపిస్తం," అన్నాడు మేనేజరు నన్ను చూసి.

"టీవీల ఎంతసేపు చూపిస్తవు? మిగిలిన ఏడాదంత ఏం చూపిస్తవు?" అన్నాను.

"నీకు మండుతున్నది తాతా."

"అవ్, మండుతున్నది. రెండేండ్ల నుంచి బంతి ఎత్తిచ్చింది నేను. బూట్లు తెచ్చి ఎగరేసుకపోదామని నువ్వు."

తండ్రి మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు. "కొట్లాడకుర్రి. చాయ్ తాగుర్రి ముందుగాల."

తండ్రి మనసు లీగు వైపే ఉందని అందరికీ కనబడింది. తండాలో కొందరు జీతానికి ఆశపడ్డాడన్నారు. పీడీ సారుకు నేను విప్పి చెప్పినా ఆయనా ఒకపక్క అట్లాగే అనుకున్నాడు. కానీ తండ్రి లెక్క వేరు. లీగు ఏడాది. ఏడాదిలో తేలిపోతే పిల్లాడు ఇంటికొస్తాడు, అప్పటికి బోర్డుకు పోవడానికి ఇంకా సమయం ఉంటుంది. బంతీ చూసినట్టుంటుంది, బాయీ పోకుండా ఉంటుంది. డిగ్రీ అయితే అట్లా కాదు. "సగం డిగ్రీ ఇడిచిపెట్టి వచ్చుడు సగం తవ్విన బాయి అన్నా. బొగ్గూ ఉండదు, పూడ్సనూ రాదు," అన్నాడు నాతో.

తల్లికి ఈ రెండూ ఇష్టం లేవు. ఆమె ఒకటే మాట మీద ఉంది.

"బాయి పని అంటే పిల్లనిస్తరు అన్నా. బంతి ఆడేటోనికి ఎవలిస్తరు?"

"పొడుగుంటడు గద చెల్లె, దూరం కెల్లే కనబడ్తడు, ఎవలో ఒకలు ఇస్తరు," అన్నాను. ఆమె నవ్వలేదు. తమ భాషలో భర్తతో ఏదో అంది. ఆయన తల దించుకున్నాడు.

ఇక పీడీ సారు ఊరుకుంటాడా. బూట్లకు జవాబుగా మంచం చేయించాడు. మా హాస్టల్ మంచాల మీద ఆ పిల్లాడు పడుకుంటే మోకాళ్ల కింది నుంచి కాళ్లు గాలిలో ఉంటాయి. సారు టేపు తీసుకొచ్చి పిల్లాణ్ణి నేల మీద పడుకోబెట్టి కొలిచి, వెల్డింగ్ షాపులో రెండు మంచాలు కోయించి ఒకటి చేయించాడు. పరుపు చాలక కాళ్ల దగ్గర రెండు దిండ్లు పెట్టారు. ప్రిన్సిపాలు గారు వచ్చి చూసి, "బాగుంది, దీనికీ ఫ్లెక్సీ కట్టండి," అన్నాడు. ఆ మంచం చూపించడానికని పిల్లాణ్ణి ఖమ్మం పిలిపించాం. పడుకుని చూశాడు. లేవడానికి ఇష్టపడలేదు.

ఇంతమందిమి వాడి చుట్టూ తిరిగాం. వాణ్ణి అడగలేదా అంటే అడిగాం. నువ్వేమంటావురా అంటే, "ఆడ్త తాతా," అనేవాడు. అంతే. దేని కోసం ఆడతావని ఎవరం అడగలేదు. దేనికి భయపడుతున్నావని అసలే అడగలేదు. చెప్పులు చూసి, తల్లిని చూసి, ఎగురు చూసి అన్నీ తెలుసుకున్నామనుకున్నాం.

చివరికి తేల్చుకునే రోజు వచ్చింది. తల్లి పోరు పడలేక తండ్రి బోర్డుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. కొత్తగూడెం పెద్ద దవాఖానాకు రమ్మని పిలుపు వచ్చింది. అదే రోజు పొద్దున లీగు మేనేజరుకూ మా సారుకూ జవాబు చెప్తానని పిల్లాడు మాటిచ్చి ఉన్నాడు. తండ్రి బోర్డు ముందు నిలబడి, వాళ్లు అన్‌ఫిట్ అంటే, ఇక కాలేజీ లేదు, లీగు లేదు. మేనేజరుకూ సారుకూ ఇద్దరికీ చేతిలో ఈలే మిగులుతుంది.

మేమందరం ఇల్లందు కోర్టు దగ్గర ఉన్నాం. పిల్లాడు ఒంటరిగా బంతి వేస్తున్నాడు. అంతలో గేటు దగ్గర తెల్ల చొక్కా కనబడింది. తండ్రి. టేకులపల్లి నుంచి కొత్తగూడెం ఒక దిక్కు, ఇల్లందు ఇంకో దిక్కు. దవాఖానాకు పోవలసిన మనిషి ఎదురు దారిలో బస్సెక్కి మా దగ్గరికి వచ్చాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎక్స్‌రేలు. కోర్టు చుట్టూ ఉన్న ఇనుప కంచె పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"ఇదేంది తమ్మీ? బోర్డుకు పోలే?" అన్నాను.

"పోత. ఇంకా టైమున్నది. నిన్ను ఒక్క మాట అడిగి పోదామని వచ్చిన."

"అడుగు."

"మా ఇంట్ల దానికి నచ్చేటట్టు చెప్పకు. సారుకు నచ్చేటట్టు చెప్పకు. వీనికి బంతి అన్నం పెడ్తదా?"

పీడీ సారు నా వైపు చూశాడు. మేనేజరు కళ్లజోడు పైకెత్తి చూశాడు. అవునంటే ఇద్దరిలో ఎవరికో ఒకరికి పిల్లాడు దక్కుతాడు. కాదంటే తండ్రి బస్సెక్కి కొత్తగూడెం పోతాడు. నేను కోర్టులోకి చూశాను. పిల్లాడి ఎడమ చెయ్యి బలహీనం. వెనక్కి పరుగెత్తడానికి బద్ధకం. కానీ ఆ ఎగురు మా వైపు నేనెన్నడూ చూడలేదు. మా వైపు కాక ఇంకే వైపు నేను చూశానని? నాకు తెలిసిన లోకం ఖమ్మం నుంచి భద్రాచలం దాకా. ఆ అవతల ఎంత పొడుగువాళ్లున్నారో నాకేం తెలుసు? ఉన్న మాట చెప్పాను.

"తెల్వది తమ్మీ."

"గిదేంది తాతా," అని మేనేజరు పడీ పడీ నవ్వాడు. "సొంత పిలగానికి గింత సాయం చెయ్యలేవా?" సారు నేల చూపులు చూశాడు.

తండ్రి నవ్వలేదు. కంచె వదలకుండా కొడుకు వేసే బంతుల వైపు చాలాసేపు చూశాడు. ఒకటి పడింది, ఒకటి పడలేదు. తర్వాత కవరు మడిచి మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

"ఇగ నేను పోత. సెకండ్ షిఫ్టున్నది."

"షిఫ్టేంది? బోర్డో?"

"బోర్డుకు పోను. వాడు ఆడనీ." కొడుకును కంచె దగ్గరికి పిలిచాడు. "బిడ్డా, బాయి సంగతి మర్చిపో. ఒక్కటి చెప్పు. లీగుకు పోతవా, కాలేజీకి పోతవా? నీ దిల్ ఏడుంటే గాడికి పో."

పిల్లాడు ఆలోచించలేదు. ఊపిరి కూడా తీసుకోలేదు.

"కాలేజీ, బాపూ."

తండ్రి ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆయన లెక్కకు ఇది తిరగబడ్డ జవాబు. అయినా మాటిచ్చాడు కదా, సరేనన్నాడు. మేనేజరు నవ్వు ఆగిపోయింది. పిల్లాడు కూర్చుని లేసులు విప్పి బూట్లు రెండూ ఆయన ముందు పెట్టాడు. మేనేజరు వాటిని చూసి, వాడి కాళ్లను చూసి, "ఉంచుకో తమ్మీ. గీ సైజు ఇంకెవనికి పడ్తది?" అని కారెక్కాడు. మాటకు చెడ్డవాడైనా మనిషి చెడ్డవాడు కాదు.

ఖమ్మం పోయే బస్సులో సారు నా తొడ మీద చరిచి, "మంచం పనిచేసింది పెద్దాయనా!" అన్నాడు. నేనూ నిజమే అనుకున్నాను. ఆ రోజు మా ఇద్దరంత సంతోషంగా ఇంకెవరూ లేరు.

మొదటి ఏడు కాలేజీ గెలిచింది. ఫ్లెక్సీ కట్టారు. పిల్లాడి తల గేటు కన్నా ఎత్తుగా ఉంది ఆ బొమ్మలో. యూనివర్సిటీ జట్టుకు ఎంపికై చెన్నై పోయి ఆడొచ్చాడు. ఎట్లా ఆడావురా అంటే "బానే ఆడిన తాతా" అన్నాడు. అక్కడ ఎక్కువసేపు బెంచీ మీదే కూర్చున్నాడని సారు తర్వాత చెప్పాడు. మా అడవిలో వాడు తాడిచెట్టు. అక్కడ అందరూ తాడిచెట్లే, పైగా రెండు చేతులా ఆడేవాళ్లు. రెండో ఏడు కూడా అంతే. ఆ లీగు సంగతంటారా, ఒక్క సీజను ఆడి మూతపడింది. కాబట్టి అటు పోయి ఉంటే బాగుపడేవాడని చెప్పడానికీ లేదు. ఒక్కటే నిజం. అటు పోయి ఉంటే ఏడాదికి ఇంటికొచ్చేవాడు.

తండ్రి బాయి దిగుతూనే ఉన్నాడు. కాలేజీకి అప్పుడప్పుడు వచ్చేవాడు. మెట్లెక్కలేక కింద చప్టా మీద కూర్చుని కొడుకు ఆట చూసేవాడు. రెండో ఏడు సగంలో నేనే అడిగాను.

"తమ్మీ, నీ గడువు దగ్గర పడుతున్నది. ఇప్పుడన్న బోర్డుకు పోరాదూ? పిల్లగాడు డిగ్రీ ఆపినా నష్టం లేదు."

"వాన్ని అడిగిన అన్నా. మంచిగ ఆడుతున్న బాపూ, ఇంకో ఏడు చూడు, పెద్ద జట్టు పిలుస్తది అన్నడు. నేను ఎట్ల ఆపుదు?"

పెద్ద జట్టు ఏదీ పిలవదని నేను సారునడిగి తెలుసుకున్నాను. వెళ్లి పిల్లాడికి మొహం మీదే చెప్పాను. "నీ ఆట గింతే. మీ బాపుకు నువ్వే చెప్పి ఇంటికి పో." వాడు తల ఊపాడు. పోలేదు. గడువు దాటిపోయింది. ఆ తర్వాత తండ్రి దగ్గినా దగ్గకపోయినా ఒకటే.

పిల్లాడు డిగ్రీ పాసయ్యాడు. సారు వేరే ఊరి కాలేజీకి మారిపోయాడు. కొత్త యాజమాన్యం కోర్టులో బస్సులు నిలబెట్టింది. నేనూ ఆ పని మానేశాను.

మొన్న ఎండలు తగ్గాక ఆ తండాకు పోయాను. తండ్రి రిటైరై ఇంటి పట్టున ఉన్నాడు. నాలుగు మాటలకొకసారి ఆగి, నోట్లోకి మందు గాలి పీల్చుకుని మళ్లీ మొదలుపెడుతున్నాడు. గోడ మీద కొడుకు కాలేజీ ఫొటోలు. తల్లి చాయ్ ఇచ్చింది గాని నా వైపు చూడలేదు. నేను చాయ్ తాగి, ఎన్నాళ్ల నుంచో గొంతులో ఉన్నది అడిగేశాను.

"ఆనాడు నేను తెల్వదన్న గద తమ్మీ. తెల్వదంటే నువ్వు బోర్డుకు పోవాలె. ఎందుకు పోలే?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. ఇంత చిన్న సంగతి నాకు తెలియదా అన్నట్టు.

"నువ్వు ఎవలకన్న మంచిగ చెప్పినవా అన్నా? చుట్టుముట్టు తండాలల్ల అందరి పిలగాండ్లను కాదు కాదు అన్నవు. మా వానికి కాదనలే. కాదు తాత నోట్లకెల్లి 'తెల్వది' వచ్చిందంటే, అవునన్నట్టే అనుకున్న."

నేను దేవుడి మీద ఒట్టేసినంత నిజం చెప్పాను. ఆ నిజాన్ని ఆయన నా నోటి అలవాటును బట్టి తూకం వేసి తీసుకుపోయాడు. బొగ్గు వాళ్లం మేము. రాయి బరువును బట్టి బొగ్గెంతో చెప్పడం అలవాటు.

ఇంతలో పిల్లాడు డ్యూటీ దిగి వచ్చాడు. పిల్లాడేమిటి, పెద్దవాడయ్యాడు. ఊరి పక్క ఓపెన్‌కాస్ట్‌లో, అంటే భూమిని పైనుంచే తవ్వే గనిలో, కాంట్రాక్టరు కింద టిప్పరు నడుపుతున్నాడు. పర్మినెంటు కాదు, ఎప్పుడు తీసేస్తారో తెలియదు. సీటులో మోకాళ్లు స్టీరింగుకు తగులుతాయట. నన్ను బస్సు దగ్గర దించుతానని బండి తీశాడు. దారిలో ఆగి, రోడ్డు పక్క మోరీ గోడ మీద కూర్చున్నాం. వాడే మొదలుపెట్టాడు.

"తాతా, నాకు చెన్నైలనే తెల్సింది. ఫస్ట్ ఇయర్లనే. నా ఆట గంతేనని."

"మరి మీ బాపుకు ఎందుకు చెప్పలే? అప్పటికి టైముండె గద?"

"టైముండె కాబట్టే చెప్పలే."

నేను వాడి ముఖంలోకి చూశాను. వాడు రోడ్డు వైపు చూస్తున్నాడు.

"బాపు నైట్ షిఫ్టు దిగొచ్చి పగటీలి పండుకుంటుండె. నిద్రల చేతులు రెండు పైకి వెట్టుకుంటుండె, కప్పు ఆపినట్టు. చిన్నప్పటి సంది చూసిన. గా బాయిల దిగుడంటే నాకు పానం పోతుండె తాతా. భయమైతున్నదని ఎవలతోటి చెప్తం? మా ఇంట్ల అందరు బాయోళ్లే."

"అందుకని కాలేజీ అన్నవా?"

"లీగు ఒక్కటే ఏడు. ఏడాదికి ఇంటికొస్తే బాపు సర్వీసు ఇంకా ఉంటది, బోర్డుకు పోతడు, నన్ను బాయికి తోల్తడు. డిగ్రీ అయితే మూడేండ్లు."

మంచం అని చెప్పుకుని ఎన్నేళ్లు మురిసిపోయామో తలుచుకుంటే నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. బంతిని వాడు మా అందరికన్నా బాగా అర్థం చేసుకున్నాడు. అది వాడికి ఆట కాదు, గడువు దాటేదాకా పట్టుకుని నిలబడే కంచె. అయితే వాడు దిగకుండా ఉండటానికి ఆ రెండేళ్లూ, ఆపైన ఇంకో రెండేళ్లూ, చెడిన ఊపిరితో దిగింది తండ్రి.

"ఇప్పుడు టిప్పరు మీద పోతున్నవు గద. అదీ బొగ్గే గద," అన్నాను కోపంగా.

"అవ్ తాతా. గానీ నెత్తి మీద ఆకాశం కనబడ్తది." బండి తాళం చేతిలో తిప్పుతూ అన్నాడు, "రాత్రి పూట బాపు దమ్ము ఇంటుంటే నాకు నిద్ర రాదు. గీ సంగతి బాపుకు చెప్పాల్నంటవా?"

ఎవరికైనా ముఖం మీద చెప్పేసే మనిషిని నేను. అన్నం పెట్టిన ఇళ్లలో కూడా చెప్పాను. వాడు అట్లా అడిగితే నా దగ్గర అవునూ లేదు, కాదూ లేదు. బస్సు వస్తే ఎక్కాను.

పిల్లలను వెతికే పనిలో ఉన్న మీ కోసం ఇదంతా కూర్చుని రాశాను. నా రాత ఇప్పటికీ కోడి గీసినట్టే ఉంటుంది, మీరే సరిచేసుకుని చదువుకోండి. ఆ తండ్రికి మాత్రం చదువు రాదు. మీలో ఎవరైనా ఆ వైపు పోతే ఆయన చాయ్ ఇప్పిస్తాడు, గోడ మీది ఫొటోలు ఒక్కొక్కటీ చూపిస్తాడు, నా కొడుకు కొద్దిలో తప్పిపోయింది గానీ పెద్ద ఆటగాడయ్యేవాడు అంటాడు. ఫొటోలు చూడండి. చాయ్ తాగండి. ఇది మాత్రం ఆయనకు చదివి వినిపించకండి.